విడాకులైనవాళ్లు బొకే టాస్‌లో నిలబడొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల నా ప్రాణ స్నేహితురాలి పెళ్లి. చర్చిలో పెళ్లి, సాయంత్రం రిసెప్షన్, అందులో బొకే టాస్ (పెళ్లికూతురు వెనక్కి తిరిగి తన పూలగుత్తి విసిరితే, వెనక నిలబడ్డవాళ్లు పట్టుకునే సరదా) కూడా ఉంది. నాకు 39 ఏళ్లు, విడాకులై నాలుగేళ్లవుతోంది, తొమ్మిదేళ్ల పాప ఉంది. కిందటేడాది వేరే పెళ్లిలో నా మానాన నేను కూర్చుని ఉంటే, మైక్ పట్టుకున్నతను "ఆ నీలం గౌను మేడమ్ కూడా సింగిలేనట, రావాలి రావాలి" అని అరిచాడు, పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టుకుని లేపారు. హాలంతా నన్నే చూసింది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడ్చాను. కానీ ఈసారి నిజంగానే నిలబడాలని ఉంది, ఎందుకంటే ఆ పువ్వులు విసిరేది నా స్నేహితురాలు. మా కజిన్‌తో ఆ మాటంటే "ఒకసారి పెళ్లైనవాళ్లు అందులోకి రాకూడదు, అది పెళ్లికాని అమ్మాయిలది" అంది. తనకి ఎంగేజ్‌మెంట్ అయింది, తను మాత్రం నిలబడుతుందట. మా పాప కూడా వస్తానని గొడవ. అసలు ఎవరు నిలబడొచ్చు, ఎవరు నిలబడకూడదు? దీనికి రూల్ ఏమైనా ఉందా?

సమాధానం:

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నిలబడండి. వెనక ఎక్కడో దాక్కున్నట్టు కాకుండా మీకు ఎక్కడ నిలబడాలనిపిస్తే అక్కడ నిలబడండి. పాపని కూడా తీసుకెళ్లండి, దానికి ఒకట్రెండు జాగ్రత్తలున్నాయి, కింద చెబుతాను. మీ కజిన్ చెప్పింది రూల్ కాదు, తన అభిప్రాయం, అది కూడా తప్పు అభిప్రాయం.

బొకే టాస్‌కి పిలిచేటప్పుడు చూసేది ఒక్కటే, ఇవాళ్టికి ఈ మనిషి పెళ్లి బంధంలో ఉందా లేదా అని. ఇంతకుముందు పెళ్లైందా, అది ఎందుకు నిలవలేదు, పిల్లలున్నారా, వయసెంత, ఇవేవీ అందులోకి రావు. విడాకులు తీసుకున్నవాళ్లు, భర్త పోయినవాళ్లు, అసలు పెళ్లే చేసుకోనివాళ్లు, అందరూ ఆ పిలుపులో ఉన్నట్టే లెక్క. ఆ పువ్వులు ఎవరి చేతిలో పడితే తర్వాతి పెళ్లి వాళ్లది అని కదా నమ్మకం. మళ్లీ పెళ్లి చేసుకునే వీలున్న ఎవరికైనా అది వర్తిస్తుంది. "తర్వాతి పెళ్లి" అన్నారు గానీ "మొదటి పెళ్లి" అని ఎవరూ అనలేదు. చేసుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం, దాని గురించి ఆ హాల్లో ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

అయితే మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయనిపించింది. ఎవరు నిలబడొచ్చు అనేది ఒకటి. ఎవరు నిలబడి తీరాలి అనేది రెండోది. మొదటిదానికి జవాబు చాలా విశాలం, పెళ్లికూతురు ఎవరిని పిలిస్తే వాళ్లందరూ. రెండోదానికి జవాబు ఎవరూ లేరు, ఒక్కరు కూడా లేరు. కిందటేడాది మిమ్మల్ని ఏడిపించింది ఈ రెండోదాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం. మీరు ఒంటరిగా ఉండటం వల్లనో, సున్నితమైన మనిషి కావడం వల్లనో వచ్చిన కన్నీళ్లు కావవి. మీ సొంత విషయాన్ని మైకులో చదివారు, మీ చెయ్యి పట్టి లాగారు, ఎవరికైనా ఏడుపొస్తుంది.

ఈ ఆచారం ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెబుతాను, ఎందుకంటే "ఇది ఫలానావాళ్లది" అని గీత గీసేవాళ్లు ఎప్పుడూ పాతకాలం పేరు చెప్పే గీస్తారు. యూరప్‌లో పూర్వం పెళ్లికూతుర్ని తాకితే, ఆమె బట్టల్లో చిన్న ముక్క దొరికితే అదృష్టం అని అతిథులు మీద పడి గౌను చింపేసేవాళ్లని, వాళ్ల దృష్టి మళ్లించడానికి పెళ్లికూతురు చేతిలో ఉన్న పువ్వులు విసిరి తప్పించుకునేదని ఒక కథ చెప్పుకుంటారు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో అయితే మేజోళ్లు విసిరే ఆట ఉండేది. పెళ్లి రాత్రి స్నేహితులు కొత్త జంట గదిలోకి వెళ్లి, మంచం చివర వాళ్ల వైపు వీపు పెట్టి కూర్చుని, పెళ్లికూతురి మేజోడు, పెళ్లికొడుకు మేజోడు తల మీంచి వెనక్కి విసిరేవాళ్లు. గురి తగిలితే విసిరినవాళ్లకి తొందర్లో పెళ్లి అవుతుందని సంబరం. ఆడవాళ్లూ విసిరేవాళ్లు, మగవాళ్లూ విసిరేవాళ్లు. ఇవాళ పెళ్లికూతురు వెనక్కి తిరిగి విసరడం చూస్తే ఆ ఆట గుర్తుకు రాక మానదు, కాకపోతే విసిరే చేతులు మారాయి. ఇందులో ఎక్కడ చూసినా కనిపించేది ఒకటే, ఇవాళ ఒకరింట్లో సంతోషం ఉంది, అందులో కొంచెం మాకూ రావాలి అని చుట్టూ ఉన్నవాళ్లు ఆశపడటం. ఆ ఆశ 22 ఏళ్ల అమ్మాయికి ఎంత ఉండొచ్చో 39 ఏళ్ల మీకూ అంతే ఉండొచ్చు.

ఇక మీ కజిన్ సంగతి. ఎంగేజ్‌మెంట్ అయినవాళ్ల మీద అభిప్రాయాలు రెండు రకాలుగా ఉన్నాయి. ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి నిలబడొచ్చు అనేవాళ్లు కొందరు, ముహూర్తం ఖాయమైన మనిషికి ఇంక ఆ పువ్వులు చెప్పే కబురేముంది, పక్కన నిలబడి చప్పట్లు కొడితే బాగుంటుంది అనేవాళ్లు కొందరు. నా మట్టుకు నేను నిలబడొచ్చనే అంటాను. ఇంకా పెళ్లి కాలేదు, పిలుపు తనకీ వర్తిస్తుంది, పైగా పెళ్లి దగ్గరపడ్డ అమ్మాయి ముఖంలో ఆ పూట ఉండే వెలుగు చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే కొంచెం వెనగ్గా నిలబడి, అందరికంటే పైకి ఎగిరి లాక్కోకుండా, తన మీదకే వచ్చి పడితే పట్టుకుంటే అందంగా ఉంటుంది. కానీ ఒక సంగతి. "ఇవాళ్టికి నాకు పెళ్లి కాలేదు" అనే లెక్క మీదే తను నిలబడుతోంది. అదే లెక్కలో మీకూ చోటుంది. తనకి ఒక కొలత, మీకు ఇంకో కొలత పెట్టకూడదు. ఈ మాట తనతో గొడవపడి చెప్పక్కర్లేదు, "నేనూ వస్తున్నా, పక్కపక్కన నిలబడదాం" అంటే చాలు.

పెళ్లైనవాళ్లు మామూలుగా నిలబడరు. పెళ్లికూతురు "అందరూ రండి" అంటే మాత్రం అందరూ అంటే అందరే, అత్తలు, అమ్మమ్మలు, ముప్పై ఏళ్ల కాపురం చేసినవాళ్లు కూడా. ఈమధ్య కొన్ని పెళ్లిళ్లలో మగవాళ్లని కూడా పిలుస్తున్నారు, అది నాకు చాలా నచ్చింది. పోలెండులో పెళ్లికి వెళితే అర్ధరాత్రి వేళ పెళ్లికూతురు తన ముసుగునో బొకేనో పెళ్లికాని ఆడవాళ్ల వైపు విసురుతుంది, పెళ్లికొడుకు తన టై తీసి పెళ్లికాని మగవాళ్ల వైపు విసురుతాడు. జపాన్‌లో మగవాళ్లకి బ్రకోలీ పువ్వు విసిరే అలవాటు కూడా వచ్చింది. అంటే విసిరే వస్తువు, నిలబడే మనుషులు, వేళ, అన్నీ ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రం ఎవరు నిలబడాలనేది నిర్ణయించే మనిషి ఒక్కరే, బొకే చేతిలో ఉన్న పెళ్లికూతురు. కజిన్లు కాదు, డీజే కాదు, పెళ్లికూతురి పెద్దమ్మ కూడా కాదు.

ఇప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగే సంగతికి వస్తాను, దీని గురించి రాయడానికే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

ఆ క్షణం హాల్లో ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కేకు కోసేశారు, పాట ఆగింది, డాన్స్ చేసే చోటు ఖాళీ అయింది. మైకులో "సింగిల్ లేడీస్ అందరూ ముందుకు" అని వినిపిస్తుంది. నలుగురైదుగురు అమ్మాయిలు నవ్వుకుంటూ పరిగెత్తుకొస్తారు. ఆ తర్వాత వచ్చే అర నిమిషం చూడండి, అసలు బాధ అంతా అక్కడే ఉంటుంది. ముందుకొచ్చినవాళ్లు తక్కువ అనిపించి మైకు మనిషి కళ్లతో బల్లలు వెతుకుతాడు. ఒక్కో బల్ల దగ్గర ఎవరో ఒకరు మోచేత్తో పక్కమనిషిని పొడుస్తారు, "లే, నీకే కదా". ఆ పక్కమనిషి అప్పటిదాకా చేతిలో గ్లాసు పట్టుకుని హాయిగా మాట్లాడుతూ ఉంటుంది. ఒక్కసారిగా గ్లాసు వైపు చూస్తుంది, పర్సు సర్దుకుంటున్నట్టు కిందికి వంగుతుంది, ఫోన్ తీస్తుంది. ఆ వంగడం చూసినవాళ్లకి అర్థమవ్వాలి, ఆమె వద్దంటోందని. నోటితో వద్దంటే సంబరం పాడుచేసిన మనిషి అవుతానని భయపడి ఒంటితో వద్దంటోంది. అక్కడితో వదిలేయాలి. కానీ వదలరు, "సిగ్గు పడుతోంది" అని ఇంకో ఇద్దరు చేరి లేపుతారు.

ఆ వంగిన మనిషి ఎవరో మనకి తెలియదు. మొన్ననే భర్తని పోగొట్టుకున్న మనిషి కావచ్చు. కుదిరిన సంబంధం పోయిన నెలే చెడిపోయి ఉండొచ్చు. పెళ్లే వద్దనుకుని నిశ్చింతగా బతుకుతున్న మనిషి కావచ్చు. తను ప్రేమించేది ఎవరినో ఇంట్లో ఇంకా చెప్పుకోలేని మనిషి కావచ్చు. లేదా ఏ బాధా లేదు, ఊరికే కాళ్లు నొప్పిగా ఉన్నాయి కావచ్చు. కారణం ఏదైనా అది ఆమెది, తెలుసుకునే హక్కు కూడా మనకి లేదు. పెళ్లి పిలుపు అందుకుని, కానుక తీసుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చిన అతిథి ఆమె. అతిథిని ఒక్క కారణం చూపించి అందరి ముందూ విడిగా నిలబెట్టడం ఏ మర్యాదలోనూ లేదు. నలుగురిలో ఒక మనిషికి తల దించుకునే పరిస్థితి రాకుండా చూడటం కంటే పెద్ద మర్యాద పెళ్లింట్లో ఇంకేముంటుంది చెప్పండి?

కాబట్టి పెళ్లి చేసుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకి నా మనవి, మైకు పట్టుకునే మనిషికి ముందే రెండు మాటలు చెప్పండి. ఒకటి, ఎవరినీ పేరు పెట్టి పిలవద్దు, బట్టల రంగు చెప్పి పిలవద్దు. రెండు, ఒక్కసారి పిలవాలి, పాట వెయ్యాలి, వచ్చినవాళ్లతో మొదలుపెట్టాలి, లెక్కపెట్టి ఇంకా కావాలని అడగద్దు. పిలుపు కూడా "సింగిల్ లేడీస్" అనే బదులు "పువ్వులు పట్టుకోవాలని ఉన్నవాళ్లందరూ రండి" అంటే ఎంత తేలిగ్గా ఉంటుందో చూడండి. పెళ్లి అనే మాటే లేదు, ఎవరి లెక్క ఎవరూ తియ్యలేదు, కావలసినవాళ్లు వస్తారు. ముగ్గురే వచ్చారనుకోండి, ముగ్గురికే విసరండి. ముగ్గురు ఇష్టంగా నిలబడ్డ ఫొటో, పదిహేను మంది చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో కంటే ఎన్నో రెట్లు బాగుంటుంది. ఆ చేతులు కట్టుకున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు, పువ్వులు మధ్యలో నేలమీద పడి ఉంటాయి, చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేసి ఉంటారు, పెళ్లికూతురు వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె ముఖంలో నవ్వు ఎలా పెట్టుకోవాలో తెలియని ఒక చూపు.

ఇంటివాళ్లలో పెళ్లికాని ఆడవాళ్లు ఒకరిద్దరే ఉంటే అసలు టాస్ పెట్టకపోవడమే మంచిది. పెట్టకపోతే పెళ్లికి లోటేమీ ఉండదు. ఇంగ్లండు రాజకుటుంబంలో పెళ్లికూతుళ్లు బొకే విసరరు. 1923లో, తర్వాత రాణి అయిన ఎలిజబెత్ బోస్-లయన్ పెళ్లికి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబే చర్చిలోకి అడుగుపెడుతూ, తన చేతిలో ఉన్న పువ్వుల్ని అక్కడి అజ్ఞాత సైనికుడి సమాధి మీద పెట్టేసింది. ఆమె అన్న ఫెర్గస్ 1915లో లూస్ యుద్ధంలో చనిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి పెళ్లికూతుళ్ల పువ్వులు పెళ్లయ్యాక ఆ సమాధి దగ్గరికే వెళుతున్నాయి, 2011లో కేట్‌వీ, 2018లో మెగన్‌వీ అలాగే వెళ్లాయి. 1956లో హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీ మొనాకోలో పెళ్లి చేసుకుని, తన బొకేని సెయింట్ డివోట్ చర్చిలో సమర్పించింది. అమ్మమ్మకి ఇచ్చే పెళ్లికూతుళ్లున్నారు, పోయిన తల్లి సమాధి మీద పెట్టేవాళ్లున్నారు. అమెరికాలో చాలా రిసెప్షన్లలో ఇంకో పద్ధతి చూడొచ్చు, పెళ్లైన జంటలన్నీ డాన్స్‌కి వస్తాయి, డీజే ఒక్కో సంఖ్య చెబుతూ పోతాడు, ఏడాది దాటనివాళ్లు పక్కకి వెళ్లండి, అయిదేళ్లు దాటనివాళ్లు వెళ్లండి అని, చివరికి మిగిలిన ముసలి జంట చేతికి పెళ్లికూతురు బొకే ఇస్తుంది. భర్త పోయినవాళ్లకి, విడిపోయినవాళ్లకి అది కూడా గుచ్చుకోవచ్చు, ఏ ఆటలోనైనా ఎవరో ఒకరు బయట ఉండిపోతారు. కానీ అక్కడ కూర్చుని ఉన్నవాళ్ల వైపు ఎవరూ చూడరు, చెయ్యి పట్టుకుని లేపరు. ఆ తేడా చాలా పెద్దది.

కొరియాలో అయితే విసరడం ఉంది గానీ ఎవరు పట్టుకోవాలో ముందే అనుకుంటారు. పెళ్లికూతురు తన స్నేహితురాల్లో ఒకరిని, చాలాసార్లు తొందర్లో పెళ్లి కాబోయేవాళ్లని, ముందుగానే అడుగుతుంది, ఆ ఒక్కరే వెనకాల నిలబడి పట్టుకుంటారు, ఫొటో సరిగ్గా రాకపోతే ఇంకోసారి విసురుతారు. పోటీ లేదు, తోపులాట లేదు. మనసు నొచ్చుకునే అవకాశం తక్కువ. ఎంచుకోబడటం ఒక గౌరవం. మీ స్నేహితురాలు మీకే ఇవ్వాలనుకుంటే ఇలా కూడా చెయ్యొచ్చు, ఆ ఆలోచన తన చెవిన వెయ్యండి.

రిబ్బన్ల పద్ధతి కూడా ఒకటుంది, జపాన్‌లో బాగా చేస్తారు. బొకేకి ఒక రిబ్బను కట్టి, దాంతోపాటు ఊరికే మరికొన్ని రిబ్బన్లు కలిపి పెళ్లికూతురు చేతిలో పట్టుకుంటుంది, చుట్టూ నిలబడ్డవాళ్లు తలా ఒక కొస పట్టుకుని ఒకేసారి లాగుతారు, ఎవరి రిబ్బనుకి బొకే కట్టి ఉంటే వాళ్లది. పిల్లలు, ముసలివాళ్లు, హైహీల్స్ వేసుకున్నవాళ్లు ఉన్నచోట నాకు అన్నిటికంటే ఇదే నచ్చుతుంది.

పిల్లలంటే గుర్తొచ్చింది, మీ పాప. తొమ్మిదేళ్ల పిల్ల నిలబడొచ్చు, పిల్లలకి పెళ్లితో సంబంధం లేదు, వాళ్లకది గాల్లో వచ్చే అందమైన వస్తువు, అంతే. కానీ ముందుగా పెళ్లికూతుర్ని అడగండి, కొందరు పెద్దవాళ్లకే పెట్టుకుంటారు. రమ్మంటే మాత్రం పాప మీ పక్కనే, కొంచెం అంచుకి ఉండాలి, మధ్యలో వద్దు. ఎందుకంటే బొకే పైకి లేచినప్పుడు పెద్దవాళ్ల చూపంతా పైకే ఉంటుంది, కాళ్ల దగ్గర ఎవరున్నారో చూసుకోరు, మడమ కింద చిన్న పాదం పడిందంటే ఆ నొప్పి మామూలుగా ఉండదు. బొకేలో లోపల తీగలు, గుండుసూదులు ఉంటాయి, పెద్ద బొకే అయితే బరువు కూడా ఉంటుంది. విసరడానికి విడిగా చిన్న బొకే చేయించుకోవడం ఇప్పుడు మామూలే, అది తేలిగ్గా ఉంటుంది, అసలు బొకే పెళ్లికూతురి దగ్గరే ఉండిపోతుంది. ఇంకోటి, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అనే చిన్న తెల్ల గంటల పువ్వులు పెళ్లి బొకేల్లో పెడుతుంటారు, అవి విషం. ముట్టుకుంటే ఏమీ కాదు, కానీ పాప ఆకో పువ్వో నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, ఇంటికెళ్లాక చేతులు కడిగించండి.

పాప చేతిలోనే పడితే? అది పాపదే. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఒక రిసెప్షన్‌లో చూశాను, ఆరేడేళ్ల పిల్ల బొకే కాడలు రెండు చేతులా పట్టుకుంది, ఆ పిల్ల తల మీంచి ఒక పెద్దావిడ పువ్వుల వైపు పట్టుకుంది. ఇద్దరూ ఒక క్షణం వదల్లేదు. పెద్దావిడ నవ్వుతూనే ఉంది, పిల్ల నవ్వట్లేదు. కాడలకి చుట్టిన శాటిన్ రిబ్బను మెలిపడి ఊడొస్తోంది, రెండు గులాబీలు నేలమీద రాలాయి. చివరికి పిల్లే వదిలేసి తల్లి దగ్గరికి వెళ్లి ఆమె చీర కుచ్చిళ్లలో ముఖం పెట్టేసుకుంది. పెద్దవాళ్లు ఎంత సరదాకి నిలబడ్డా సరే, పిల్ల చెయ్యి తగిలిందంటే మన చెయ్యి వెనక్కి రావాలి. అంతగా పెద్దవాళ్లకే దక్కాలనుకుంటే పిల్లలకి ముందు ఒక చిన్న పూలగుత్తి విడిగా విసిరితే సరిపోతుంది, లేదా విప్పగానే నాలుగైదు చిన్న గుత్తులుగా విడిపోయేలా కట్టిస్తే పిల్లలకీ పెద్దలకీ తలా ఒకటి దొరుకుతుంది.

ఇంకో విషయం మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి. బొకే టాస్ తర్వాత గార్టర్ టాస్ ఉందేమో కనుక్కోండి. పెళ్లికొడుకు పెళ్లికూతురి కాలికున్న గార్టర్, అంటే తొడకి వేసుకునే ఎలాస్టిక్ పట్టీ, తీసి పెళ్లికాని మగవాళ్ల వైపు విసిరే తంతు అది. కొన్నిచోట్ల అది పట్టుకున్న మగమనిషి, బొకే పట్టుకున్న ఆడమనిషి కాలికి దాన్ని తొడగాలంటారు, అందరి ముందూ కుర్చీ వేసి కూర్చోబెట్టి. ముక్కూ మొహం తెలియని మనిషి, పక్కన మీ పాప చూస్తూ ఉంటుంది. ఇది ఇష్టంగా చేసుకునేవాళ్లున్నారు, వాళ్ల జోలికి నేను పోను. కానీ మీకు ఇష్టం లేకపోతే బొకే పట్టుకున్నంత మాత్రాన దానికి ఒప్పుకున్నట్టు కాదు. కుర్చీ కనబడగానే "అది నాకొద్దండీ" అని నవ్వుతూ చెప్పి, బొకే పట్టుకుని వచ్చి మీ చోట్లో కూర్చోండి. ఒక డాన్స్‌తో సరిపెట్టుకుందాం అంటే అది మీ ఇష్టం. బొకే పిల్ల చేతిలో పడితే గార్టర్ తంతు అక్కడితో ఆపేయాల్సిందే, దీంట్లో రెండో మాట లేదు.

ఇక ఆ పూట ఎలా నిలబడాలి అంటారా. పెళ్లికూతురికి మూడు నాలుగు మీటర్ల దూరంలో అర్ధచంద్రాకారంగా నిలబడితే అందరికీ అందుతుంది. మరీ దగ్గరికి వెళ్తే పువ్వులు తల మీంచి వెళ్లిపోతాయి. మోచేతులు దగ్గర పెట్టుకోండి, పక్కవాళ్ల భుజం మీద చెయ్యి వేసి ఎగరకండి. ఇద్దరి చేతుల్లో ఒకేసారి పడితే చిన్నవాళ్లకి వదిలేయండి, సమ వయసువాళ్లైతే ఎవరు ముందు వదిలితే వాళ్లే ఆ పూట అందరికీ నచ్చుతారు. నేలమీద పడితే ఎవరైనా తీసుకోవచ్చు, లేదా పెళ్లికూతురికి తిరిగి ఇచ్చి మళ్లీ విసరమనొచ్చు, అందులో అపశకునం ఏమీ లేదు. పట్టుకున్నాక పెళ్లికూతుర్ని కావలించుకుని ఒక ఫొటో దిగండి, బొకే ఇంటికి తీసుకెళ్లొచ్చు, అది మీదే. "నెక్స్ట్ నువ్వే" అని ఎవరో ఒకరు అంటారు, తప్పదు. దానికి కోపమూ వద్దు, వివరణా వద్దు. "పువ్వులు బాగున్నాయి కదా" అనండి, మాట అటు మళ్లుతుంది.

ఒకవేళ ఆ రోజుకి మనసు మారిపోయి, పాట మొదలవగానే కిందటేడాది సంగతి గుర్తొచ్చి కాళ్లు కదలకపోతే? కూర్చోండి. నిలబడతానని నెల ముందు అనుకున్నంత మాత్రాన బాకీ పడినట్టు కాదు. ఎవరైనా లేపబోతే చెయ్యి వెనక్కి తీసుకుని "లేదండీ, నేనిక్కణ్నుంచే చూస్తాను" అని, అదే మాట రెండోసారి కూడా అదే గొంతుతో అనండి. గొంతు పెంచక్కర్లేదు, నవ్వు తెచ్చిపెట్టుకోనూ అక్కర్లేదు. మూడోసారి అడిగే మనిషి చాలా అరుదు. పాప మాత్రం మీ కజిన్ పక్కన నిలబడొచ్చు, తనకి ముందే చెప్పి ఉంచండి, అప్పుడు మీరు రాకపోయినా పాప సరదా పోదు.

ఇవన్నీ తేలాలంటే పెళ్లికి ముందే మీ స్నేహితురాలితో ఒకసారి మాట్లాడాలి. పెళ్లి పనుల్లో తనకి బోలెడు టెన్షన్ ఉంటుంది, ఫోన్ చేసి అరగంట చెప్పొద్దు, ఈ వారంలోనే ఒక మెసేజ్ పెట్టండి, ఇలా రాస్తే చాలు: "నీ బొకే టాస్‌లో నిలబడాలని నాకు చాలా ఉంది, పాప కూడా వస్తానంటోంది, నీకు ఓకేనా? ఒక్క సాయం చెయ్యవే, మైకులో ఎవరినీ పేరు పెట్టి పిలవొద్దని, ఎవరినీ బలవంతం చెయ్యొద్దని ఎంసీకి చెప్పు. కిందటేడాది ఒక పెళ్లిలో నాకు బాగా కష్టమనిపించింది. గార్టర్ టాస్ ఉంటే అది కూడా ముందే చెప్పు." తను రమ్మంటే ఇంక ఎవరి అనుమతీ అక్కర్లేదు, కజిన్ మళ్లీ అడిగితే ఆ మెసేజ్ చూపించండి.